ప్లాటర్స్: ఐదు గొంతులు, ఒక పేరు

1950లలో పేరుపొందిన అమెరికన్ గాత్ర బృందం ప్లాటర్స్ అనగానే పాత పాటల అభిమానులందరికీ ముందుగా గుర్తుకు వచ్చేది టోనీ విలియమ్స్ గొంతు. ‘ఓన్లీ యూ’ మొదటి మాటలోనే ఆ గొంతు ఒక్క క్షణం విరిగినట్టయి, అంతలోనే నిలదొక్కుకుని పైస్థాయికి ఎగసే తీరును ఒకసారి విన్నవారు మరచిపోవడం కష్టం. ఆ గొంతు గొప్పతనంలో నాకు ఏ సందేహమూ లేదు. అయితే నలభై ఏళ్లకు పైగా ఈ బృందం పాటలు వింటూ వచ్చిన నాకు ఇప్పుడు ప్లాటర్స్ అంటే మొదట స్ఫురించేది అట్టడుగున వినిపించే హెర్బ్ రీడ్ మంద్రస్వరం. ఆ బృందానికి పేరు పెట్టినది ఆయన, తొలి సభ్యులలో చివరిదాకా నిలిచినది ఆయన, ఆ పేరు కోసం జీవితాంతం కోర్టుల చుట్టూ తిరిగినదీ ఆయనే. అందుకే ప్లాటర్స్ గురించి రాయాలని కూర్చుంటే నా కథ అక్కడినుంచే మొదలవుతుంది.

1970ల చివర్లో నేను చదువుకోసం మసాచుసెట్స్‌కు వచ్చినప్పుడు నా వెంట తెచ్చుకున్న సంగీతమంతా ఘంటసాల, సుశీల పాటల క్యాసెట్లే. చదువు ఖర్చులకోసం ఒక ప్రయోగశాలలో రాత్రిపూట పనిచేసేవాణ్ణి. అక్కడ నాతోపాటు పనిచేసే ఒక నల్లజాతి పెద్దాయన వారాంతాల్లో రేడియోలో వచ్చే పాత పాటల కార్యక్రమాన్ని తప్పకుండా పెట్టేవారు. ఆయన యువకుడిగా ఉన్నప్పుడు వీధి మూలన నలుగురు స్నేహితులతో కలిసి పాడిన మనిషి. అట్టడుగు స్వరం పాడే బేస్ గొంతు ఆయనదే. ‘ది గ్రేట్ ప్రిటెండర్’ వస్తుండగా నేను తల ఊపడం చూసి, ‘పైన పాడేవాణ్ణి కాసేపు వదిలెయ్, కిందనుంచి విను’ అన్నారు. అప్పటికి ఆ మాట నాకు అర్థం కాలేదు. మన సంగీతంలో ప్రధాన గాత్రం ఒక్కటే ఉంటుంది. దానికి శ్రుతి, తాళం, వాద్యాలు తోడుగా నిలుస్తాయి. నాలుగైదు గొంతులు ఒకే క్షణంలో వేర్వేరు స్వరాలు పలికి, ఆ కలయికనే పాటకు నేలగా చేసుకోవడం నా చెవికి పరిచయంలేని విషయం. ఆ రాత్రులలో ఆయన ఓపికగా ఒక్కో గొంతునూ వేరుచేసి, వేలితో బల్లమీద లయ వేస్తూ, ఇదిగో ఇది బారిటోన్ (మధ్యస్థాయి మగ గొంతు), ఇదిగో ఇది రెండవ టెనర్ (పైస్థాయి మగ గొంతు) అని చూపించేవారు.

డూ వాప్ అని తరువాతి రోజుల్లో పేరుపడిన ఈ పాడే పద్ధతి 1940ల చివర, 1950లలో న్యూయార్క్, ఫిలడెల్ఫియా, షికాగో, లాస్ ఏంజెలెస్ వంటి నగరాల నల్లజాతి పేటలలో పెరిగింది. వాద్యాలు కొనుక్కునే స్తోమత లేని కుర్రవాళ్లు మెట్లదారుల్లో, వీధి దీపాల కింద, స్కూలు స్నానాలగదుల్లో, గొంతు ప్రతిధ్వనించే చోటు ఎక్కడ దొరికితే అక్కడ నిలబడి, వాద్యాలు చేయవలసిన పనిని కూడా గొంతులతోనే చేశారు. బేస్ గొంతు అర్థంలేని అక్షరాలతో తాళం నడుపుతుంది, మధ్య గొంతులు స్వరసమ్మేళనాన్ని పరుస్తాయి, ఆ పరచిన చోట ప్రధాన గాయకుడైన లీడ్ టెనర్ తన ప్రేమను విన్నవించుకుంటాడు. చర్చిలో నేర్చిన గాస్పెల్ పద్ధతి, మిల్స్ బ్రదర్స్, ఇంక్ స్పాట్స్ వంటి ముందుతరం బృందాల నాజూకుతనం, నల్లజాతి వారి జనప్రియ సంగీతమైన రిథమ్ అండ్ బ్లూస్ ఊపు ఇందులో కలిశాయి. ఈ బృందాలలో చాలావాటి జీవితం ఒకటి రెండు రికార్డులతోనే ముగిసిపోయింది. ప్లాటర్స్ మాత్రం ఆ వీధి పద్ధతికి పెద్ద ఆర్కెస్ట్రాను, పాత తరం ప్రేమగీతాల మర్యాదను చేర్చి ప్రపంచమంతా తిరిగారు. వాళ్లది అసలైన డూ వాప్ కాదని వాదించేవారు ఉన్నారు. మా పెద్దాయన దృష్టిలో కూడా వాళ్లు కొంచెం ఎక్కువగా ఇస్త్రీ చేసుకున్నవాళ్లే. నా చెవికి ఆ గొంతుల పొందికలో వీధి మూల ఎప్పుడూ వినిపిస్తూనే ఉంటుంది.

హెర్బ్ రీడ్ 1928లో మిస్సోరి రాష్ట్రంలోని కాన్సస్ సిటీలో పేదరికంలో పుట్టారు. పదిహేనేళ్ల వయసులో లాస్ ఏంజెలెస్ చేరుకుని, కార్లు కడిగే చోట పనిచేశారు. 1950ల తొలి సంవత్సరాలలో అక్కడి కుర్రవాళ్లతో కలిసి ఏర్పరచిన బృందానికి ఆయనే ప్లాటర్స్ అన్న పేరు సూచించారు. రేడియోలో రికార్డులు వేసే డిస్క్ జాకీలు ఆ పళ్లేల్లాంటి రికార్డులను అలా పిలిచేవారు. తొలి బృందంలో సభ్యులు మారుతూ పోయారు. న్యూజెర్సీనుంచి వచ్చిన టోనీ విలియమ్స్, ఆయన వెంట డేవిడ్ లించ్, పాల్ రోబీ చేరాక బృందానికి రూపం వచ్చింది. టోనీ అక్క లిండా హేస్ అప్పటికే గాయని. ఆమె ద్వారానే బక్ రామ్ అన్న సంగీత నిర్వాహకుడితో పరిచయం కలిగింది.

బక్ రామ్ గురించి రాయడం నాకు ఎప్పుడూ కష్టమే. న్యాయశాస్త్రం చదివి, బిగ్ బ్యాండ్ల కాలంలో ఆర్కెస్ట్రా కూర్పులు రాసి, పాటలు కట్టి, చివరకు కళాకారుల మేనేజరుగా స్థిరపడిన ఆయన లేకపోతే ప్లాటర్స్ లాస్ ఏంజెలెస్ దాటి వెళ్లేవారు కాదన్నది నిజం. ఆ బృందం చేతుల్లోంచి వాళ్ల పేరు జారిపోవడానికి కారణం కూడా ఆయనే. ఈ రెండూ ఒకే మనిషి చేసినవని అంగీకరించకుండా ఈ కథ చెప్పలేము. టోనీ గొంతు వినగానే దాని విలువ పసిగట్టింది ఆయన. నలుగురు మగవాళ్ల మధ్య ఒక స్త్రీ గొంతు ఉంటే బృందం మృదువుగా వినిపిస్తుందని ఊహించి, 1954లో జోలా టేలర్‌ను తెచ్చిందీ ఆయనే. ఆమె అంతకుముందు షర్లీ గంటర్ అండ్ ది క్వీన్స్ అన్న బృందంలో పాడేవారు. అప్పట్లో మగవాళ్ల బృందంలో ఒక్క స్త్రీ నిలబడి పాడడం అరుదు. ప్లాటర్స్ వేదికమీద నిలబడే తీరుకూ, రికార్డులో మధ్యస్థాయి గొంతులకు వచ్చిన కాంతికీ ఆమె చాలా ముఖ్యమని నా నమ్మకం. 1957లో వచ్చిన ‘హీ ఈజ్ మైన్’లో ఆమె లీడ్ పాడారు; ఆ గొంతుకు మరిన్ని అవకాశాలు ఇచ్చి ఉండవలసిందని ఆ రికార్డు విన్నప్పుడల్లా అనిపిస్తుంది.

మొదట ఫెడరల్ అన్న కంపెనీకి చేసిన రికార్డులు పెద్దగా అమ్ముడుపోలేదు. బక్ రామ్ రాసిన ‘ఓన్లీ యూ’ను కూడా అక్కడే ఒకసారి రికార్డు చేశారు, కానీ కంపెనీ దానిని విడుదల చేయకుండా పక్కన పెట్టింది. ఆ సమయంలోనే బక్ రామ్ చూసుకుంటున్న మరొక బృందం పెంగ్విన్స్ ‘ఎర్త్ ఏంజెల్’తో దేశమంతా మారుమోగింది. వాళ్లకోసం మెర్క్యురీ కంపెనీ వచ్చినప్పుడు, పెంగ్విన్స్ కావాలంటే ప్లాటర్స్‌ను కూడా తీసుకోవాలని ఆయన పట్టుబట్టారు. మెర్క్యురీ అయిష్టంగానే ఒప్పుకుంది. ఆ తరువాత పెంగ్విన్స్‌కు మళ్లీ అంత పెద్ద విజయం రాలేదు. తోకగా వచ్చిన ప్లాటర్స్ మాత్రం ఆ కంపెనీకి కొన్నేళ్లపాటు బంగారు గని అయ్యారు.

1955 ఏప్రిల్‌లో ‘ఓన్లీ యూ’ను మెర్క్యురీ కోసం మళ్లీ రికార్డు చేశారు. ఆ పాటలో టోనీ గొంతు విరిగే ఆ చోటు గురించి హెర్బ్ రీడ్ ఒక సంగతి చెప్పేవారు. కారులో వెళ్తూ సాధన చేస్తుండగా బండి కుదుపుకు టోనీ గొంతు ఎగిరిపడిందట. అందరూ ముందు నవ్వారట, కానీ పాటకు కావలసినది అదేనని ఆ తరువాత తెలిసిందట. ఆ పాటను నిదానంగా వింటే, పియానో ఒక్కో దెబ్బను మూడేసి ముక్కలుగా విడగొట్టి మెల్లగా కొడుతూ ఉంటుంది. దానిమీద నాలుగు గొంతులు ‘ఊ’ అన్న ఒక్క అచ్చును పట్టుకుని, స్వరం మారినప్పుడు కూడా ఎక్కడా అతుకు కనబడకుండా జరుగుతాయి. టోనీ ఎంత పైకి వెళ్లినా పాట చెదరకపోవడానికి కారణం ఆ అడుగున ఉన్న నిలకడ. ఆ పాట రిథమ్ అండ్ బ్లూస్ చార్టులో, అంటే ప్రజాదరణ పట్టికలో, మొదటి స్థానానికి, పాప్ చార్టులో 5వ స్థానానికి చేరింది. ఆ రోజుల్లో నల్లజాతి వారి పాటను తెల్లజాతి బృందంతో మళ్లీ పాడించి, రేడియోలో ఆ రెండవదానినే వేయడం పరిపాటి. ఈ పాటకు కూడా హిల్‌టాపర్స్ అన్న బృందం పాడిన రికార్డు వచ్చింది. అయినా చార్టులో ప్లాటర్స్ దానికన్నా పైన నిలిచారు.

తరువాతి పాట ఏమిటని అడిగితే, ఇంకా రాయని పాటకు ‘ది గ్రేట్ ప్రిటెండర్’ అని పేరు చెప్పి, లాస్ వేగాస్‌లోని ఫ్లెమింగో హోటల్ స్నానాలగదిలో బక్ రామ్ దానిని రాశారని ఒక కథ ప్రచారంలో ఉంది. ఎక్కడ రాసినా, 1956 తొలి నెలలలో అది పాప్ చార్టులో మొదటి స్థానం చేరింది. రాక్ అండ్ రోల్ కాలంలో ఆ స్థానం అందుకున్న తొలి నల్లజాతి గాత్ర బృందం ప్లాటర్సే. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవారు ఒకవైపు, తెల్లవారు మరొకవైపు కూర్చునే కాలమది. ఆ దేశంలోనే ఇళ్లలో, కార్లలో, జూక్‌బాక్సుల్లో అందరూ ఈ ఐదుగురి గొంతులతో ప్రేమలో పడ్డారు. అదే సంవత్సరం ‘రాక్ అరౌండ్ ది క్లాక్’ సినిమాలో వాళ్లు కనిపించారు. ‘మై ప్రేయర్’ మళ్లీ మొదటి స్థానానికి వెళ్లింది.

‘మై ప్రేయర్’ కొత్త పాట కాదు. 1939 నాటికే అది ప్రసిద్ధం, ఇంక్ స్పాట్స్ దానిని పాడారు. పాత పాటలను కొత్త ఊపిరితో పాడడం ప్లాటర్స్‌కు బాగా అచ్చివచ్చిన మార్గం. 1958లో మొదటి స్థానం పొందిన ‘ట్విలైట్ టైమ్’ 1944 నాటిది. దానికి మాటలు రాసినది బక్ రామే. 1959 జనవరిలో మొదటి స్థానం చేరిన ‘స్మోక్ గెట్స్ ఇన్ యువర్ ఐస్’ జెరోమ్ కెర్న్ స్వరపరచగా ఒట్టో హార్బాక్ రాసిన 1933 నాటి రంగస్థల గీతం. ఈ చివరి పాట ప్లాటర్స్ శిఖరమని నేననుకుంటాను. వయొలిన్లు ఎంత నిండుగా ఉన్నా వాటి చాటున గొంతులు దాక్కోవు. చివర టోనీ ఎత్తుకునే ఆ పైస్వరం కోసమే చాలామంది ఆ పాట వింటారు. మా పెద్దాయన మాత్రం ఆ స్వరం వచ్చే ముందు కింది గొంతులు దారి ఎలా సిద్ధం చేస్తాయో వినమనేవారు. అలా విన్న తరువాత ఆ ముగింపు నాకు ఒక్క మనిషి ప్రతాపంలా కాక, ఐదుగురూ కలిసి ఒకరిని భుజాలమీదికి ఎత్తినట్టుగా వినిపించడం మొదలైంది.

ఆ శిఖరంమీద ఉండగానే, 1959 ఆగస్టులో, సిన్సినాటి నగరంలో బృందంలోని నలుగురు మగవాళ్లను పోలీసులు అరెస్టు చేశారు. హోటల్ గదిలో వాళ్లతో ఉన్న యువతులలో తెల్లజాతి వారు కూడా ఉండడంతో పత్రికలు ఆ వార్తను పెద్ద అక్షరాలతో ప్రచురించాయి. అదే సంవత్సరం డిసెంబరులో వాళ్లు నిర్దోషులుగా విడుదలయ్యారు. కానీ తీర్పుకోసం ఎవరూ ఆగలేదు. దేశంలోని పలు రేడియో స్టేషన్లు అప్పటికే వాళ్ల పాటలు వేయడం మానేశాయి. ప్రేమను అంత గౌరవంగా పాడిన గొంతులను, నేరం రుజువు కాకుండానే, ఆ విధంగా శిక్షించడం తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. 1960లో ‘హార్బర్ లైట్స్’ పాప్ చార్టులో 8వ స్థానం చేరింది కాని, మునుపటి వెలుగు తిరిగి రాలేదు.

టోనీ విలియమ్స్ సొంతంగా పాడాలని బృందాన్ని విడిచిపెట్టారు. ఆయన స్థానంలో సన్నీ టర్నర్ అనే యువకుణ్ణి తీసుకున్నారు. టోనీ లేని ప్లాటర్స్‌ను మెర్క్యురీ ఇష్టపడక, ఆయన పాడి ఉంచిన పాత రికార్డింగులనే బయటికి తీస్తూ వచ్చింది. ఒంటరిగా టోనీకి కూడా పెద్ద విజయం దక్కలేదు. 1960లలో జోలా టేలర్, పాల్ రోబీ, డేవిడ్ లించ్ ఒకరి తరువాత ఒకరు వెళ్లిపోయారు. ఆమె స్థానంలో కొంతకాలానికి సాండ్రా డాన్ వచ్చారు. పాల్ రోబీ స్థానంలో వచ్చినది నేట్ నెల్సన్. ఈ పేరు దగ్గర నేను కొంచెం ఆగుతాను. ఫ్లెమింగోస్ బృందం 1959లో పాడిన ‘ఐ ఓన్లీ హావ్ ఐస్ ఫర్ యూ’లో లీడ్ గొంతు నేట్ నెల్సన్‌దే. డూ వాప్ మొత్తంలో అంతటి మంత్రముగ్ధమైన రికార్డు మరొకటి లేదనేవారిలో నేనూ ఒకణ్ణి. అంతటి గాయకుడు ప్లాటర్స్‌లో వెనుక వరుసలో నిలబడి మధ్య గొంతు అందించారు. ఈ కొత్త కూర్పుతో మ్యూజికార్ కంపెనీకి చేసిన ‘ఐ లవ్ యూ 1000 టైమ్స్’ 1966లోను, ‘విత్ దిస్ రింగ్’ 1967లోను వచ్చాయి. రెండవది 14వ స్థానానికి చేరింది. అది వేరే కాలపు సంగీతం; నడక వేగంగా ఉంటుంది, నృత్యానికి పనికివస్తుంది, ఉత్తర దక్షిణ కరోలినా తీరాల్లో ఇప్పటికీ దానికి అడుగులు వేస్తారు. ఆ పాటలోనూ అడుగున ఉన్నది హెర్బ్ రీడే. 1960ల చివరికి ఆయన కూడా బయటికి వచ్చేశారు.

ఆ తరువాతి కథలో పాటలు తక్కువ, దావాలు ఎక్కువ. 1956లో బక్ రామ్ ఫైవ్ ప్లాటర్స్ అన్న సంస్థను ఏర్పాటు చేసి, బృందం పేరుమీది హక్కులను దానికి రాయించి, సభ్యులకు అందులో వాటాలు ఇచ్చారు. సభ్యులు విడిపోతున్నకొద్దీ ఆ వాటాలు ఆయన చేతికి చేరాయి. బయటికి వెళ్లిన గాయకులు తాము పాడిన బృందం పేరుతో ప్రదర్శన ఇస్తే కేసులు ఎదుర్కొన్నారు. పాల్ రోబీ కాలిఫోర్నియాలో పోరాడి గెలిచారు. ఫైవ్ ప్లాటర్స్ సంస్థ బృందం పేరును చేజిక్కించుకోవడానికి కల్పించిన ఏర్పాటు మాత్రమేనని 1974లో అక్కడి కోర్టు తేల్చింది. అయినా దేశమంతా రకరకాల ప్లాటర్స్ బృందాలు ఒకే సమయంలో తిరుగుతూనే ఉన్నాయి.

అటువంటి ఒక బృందం ప్రదర్శనకు నేను కూడా వెళ్లాను. బాగానే పాడారు, దుస్తులు మెరుస్తున్నాయి, పక్కన కూర్చున్న వృద్ధ దంపతులు చేతిలో చెయ్యి వేసుకుని విన్నారు. వేదికమీద ఉన్నవారిలో ఒక్కరు కూడా 1950ల రికార్డుల్లో పాడినవారు కారని వాళ్లకు తెలియదు. పోస్టరులో ఆ సంగతి ఎక్కడా లేదు. బేస్ పాడిన కుర్రవాడి తప్పు ఏమీ లేదు, అతడు తన పని శ్రద్ధగా చేశాడు. ఆ డబ్బు, ఆ చప్పట్లు మాత్రం వేరొకరికి చెందవలసినవని ఆ సాయంత్రమంతా నా మనసులో మెదులుతూనే ఉంది. 2005 తరువాత అనేక రాష్ట్రాలు ఇటువంటి మోసాన్ని అరికట్టే చట్టాలు చేశాయి. అప్పటికి తొలి గాయకులలో ఎక్కువమంది లేరు.

డేవిడ్ లించ్ 1981లోను, పాల్ రోబీ 1989లోను మరణించారు. 1990లో ప్లాటర్స్‌కు రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. 1991లో బక్ రామ్, 1992లో టోనీ విలియమ్స్, 2007లో జోలా టేలర్ కన్నుమూశారు. మిగిలినది హెర్బ్ రీడ్ ఒక్కరే. ఆయన బోస్టన్ ప్రాంతంలోనే స్థిరపడి, ఎనభై ఏళ్లు దాటినా ప్రదర్శనలు ఇస్తూనే ఉన్నారు. నేను నివసించే రాష్ట్రంలోనే ఆయన ఉన్నారన్న సంగతి నాకు చాలాకాలం ఏదో దగ్గరి బంధువు ఊళ్లో ఉన్నంత సంతోషంగా ఉండేది. లీడ్ గొంతుగా ఆయనను వినాలనుకునేవారు ప్లాటర్స్ పాడిన ‘సిక్స్‌టీన్ టన్స్’ వెతుక్కుని వినాలి. గనికార్మికుడి పాటలో ఆ లోతు ఎంతగానో నప్పింది. అయితే ఆయన అసలు విద్య చూడాలంటే మళ్లీ ‘మై ప్రేయర్’కే వెళ్లాలి. అందులో ఆయన గొంతు వేరుగా బయటపడే చోటు లేదు. తక్కిన ముగ్గురి గొంతులకు అడుగున నిండుగా పరుచుకుని ఉంటుంది.

2011లో నెవాడాలోని ఫెడరల్ కోర్టు ప్లాటర్స్ పేరుపై హెర్బ్ రీడ్ హక్కే పెద్దదని తీర్పు చెప్పింది. ఆయన 2012 జూన్ 4న, 83 ఏళ్ల వయసులో, మసాచుసెట్స్‌లో మరణించారు. ఆయన సంస్థ వేసిన మరొక దావా ఆ తరువాత కూడా నడిచింది. 2013లో పైకోర్టు కింది కోర్టు ఉత్తర్వును తోసిపుచ్చి, పేరు దుర్వినియోగంవల్ల పూడ్చలేని నష్టం జరుగుతున్నదని ఊహించుకుంటే చాలదు, నిరూపించాలని చెప్పింది. 2014లో ఆ సంస్థ సాక్ష్యాలు చూపి మళ్లీ గెలిచింది. ఆ తీర్పు వచ్చిన వార్త చదివిన రోజున, మా ప్రయోగశాల పెద్దాయన బ్రతికి ఉంటే ఫోన్ చేసి ముందుగా ఆయనకే చెప్పేవాణ్ణి.